నాలుగు మూలల పసుపు

పుష్పవల్లి ఉద్యోగం చెప్పుకోవడానికి చిన్నది, చెయ్యడానికి మాత్రం కాళ్ళు పడిపోయేంత పెద్దది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఒకే గదిలో నిలబడి, వచ్చినవాళ్ళు దేన్నీ ముట్టుకోకుండా చూసుకోవాలి. సింగపూర్ తంజోంగ్ పగార్‌లో పాత గోదాము ఒకదాన్ని బాగుచేసి ప్రదర్శనశాల చేశారు. ఆ ఏడాది అక్కడ అద్దాల పెట్టెల్లో పెట్టినవి బట్టలు. రాజుల అంగీలూ రాణుల పట్టుచీరలూ అనుకునేరు, అవేం కావు. రెండు వేలు, మూడు వేలు, కొన్నయితే నాలుగు వేల ఏళ్ళ కిందట మామూలు ఇళ్ళలో వాడి వాడి పారేసిన గుడ్డపీలికలు. ఇసకలో కూరుకుపోయి, చెమ్మ తగలక, చివికిపోకుండా మిగిలినవి. వాటికి ఉక్కపోత తగలకుండా యంత్రాలు, ఎండ తగలకుండా తెరలు, మనిషి చెయ్యి తగలకుండా పుష్పవల్లి.

"మసిగుడ్డకి కాపలా కాసే ఉద్యోగం ప్రపంచంలో నీ ఒక్కదానికే దొరికింది" అని ఆమె భర్త పరశురాముడు ఎగతాళి చేసేవాడు. అతను బస్సు డ్రైవరు. రోజంతా వెనకాల మనుషుల్ని మోసుకు తిరిగి, ఇంటికొచ్చాక మనుషులతో మాట్లాడాలంటే విసుక్కునే రకం.

పుష్పవల్లి పుట్టింది మలేసియాలో, రెంగం దగ్గర రబ్బరు తోటలో. ఆరో క్లాసుతో చదువు ఆగిపోయింది. ఇరవయ్యో ఏట వంతెన దాటి సింగపూర్ వచ్చి, రేడియోలు బిగించే ఫ్యాక్టరీలో చేరింది. పరశురాముణ్ణి పెళ్ళాడిందీ ఆ రోజుల్లోనే. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాయా లేబార్ అనే పేటలో ఆఫీసుల్లో నేలలు తుడిచింది. ఇప్పుడు యాభై ఎనిమిది. ఎన్ని పనులు మారినా ఆవిడ నోటికున్న జబ్బు ఒకటే, ఏది కనబడ్డా ఇదేమిటి, ఇదెందుకు, ఇదెవరిది అని అడగందే అన్నం సహించదు. అద్దం పక్కన అతికించిన ఇంగ్లీషు చీటీలు కూడబలుక్కుని చదివేది. అర్థం కానివి దాచిపెట్టుకుని, శనివారం అలేఖ్య రాగానే పట్టుకునేది.

అలేఖ్య వరంగల్ పిల్ల. ఇక్కడి యూనివర్సిటీలో పాతకాలపు నేతబట్టల మీద పరిశోధన చేస్తోంది. శనివారాలు వచ్చినవాళ్ళకి గది తిప్పి చూపిస్తుంది. వాళ్ళు వెళ్ళిపోయాక పుష్పవల్లి వంతు.

"ఇది ఒత్తి అని రాసినారు. ఒత్తికి ఇంత అద్దమెందుకమ్మా?"

"ఈజిప్టుల గుహల్లాంటి సమాధులు చెక్కిన పనోళ్ళది ఆంటీ. లోపల చీకటి గద. పాతబట్టలు చింపి, పేని, కొవ్వుల ముంచి వెలిగించుకునేటోళ్ళు. దినానికి ఎన్ని ఒత్తులు ఇచ్చిన్రో కూడ రాసిపెట్టుకున్నరు."

"మరి ఇదో? దీని మీద ఏమీ రాయలేదే."

"అది దేనికి వాడిన్రో తెలువది ఆంటీ. తెలువకపోతే తెలువదనే రాస్తం, అంతే."

ఆ మాట పుష్పవల్లికి వింతగా అనిపించింది. ఇంతింత చదువుకున్నవాళ్ళు తెలియదని చీటీ రాసి పదిమందికీ కనబడేలా పెట్టడం ఆవిడెక్కడా చూడలేదు.

ఇలా పోగుచేసుకున్న కబుర్లన్నీ మూటగట్టుకుని రైలెక్కి పుంగ్గోల్‌లో దిగేది. పదకొండో అంతస్తులో ఇల్లు. హాల్లో కిటికీ పక్కన మంచం మీద ఆమె అత్తగారు సూరమ్మ, తలుపు చప్పుడు కోసమే కాచుకుని ఉండేది. సూరమ్మకి ఎనభై ఒకటి. గుండె సగమే పనిచేస్తోంది, మూత్రపిండాలు అదీ లేదు. ఆసుపత్రివాళ్ళు ఇంక చేసేదేమీ లేదని, ఇంట్లోనే ఉంచి అడిగింది పెట్టమని పంపేశారు. ఎన్నాళ్ళని అడిగితే, నెలల మాట ఎత్తకండన్నారు.

"ఏటే, ఇయాల ఏటి సూసినావు?"

"గాడిదల మీద బట్టలు పంపిన ఆవిడ సంగతత్తా. నాలుగువేల ఏళ్ళ కిందట. ఆవిడ ఇంట్లో మగ్గం మీద ఉన్ని నేసి, గాడిదల మీద దూరదేశంలో ఉన్న ఇంటాయనకి పంపేదంట. ఆయనేమో, బట్ట పల్చగా వచ్చింది, ఇంకాస్త ఉన్ని వెయ్యి అని మట్టిపలక మీద ఉత్తరం రాసినాడంట."

సూరమ్మ పళ్ళులేని నోటితో కిచకిచా నవ్వింది. "ఓలమ్మో! గాడిదలు మోసిన కాణ్ణించీ ఈ మొగోళ్ళకి వంకలెట్టడమే పనా? ఇంకేటి?"

ఇంకేటంటే ఎన్నో. పసిపిల్లని ఒంటికి కట్టుకుని పొలం వెళ్ళిన గుడ్డ. ద్రాక్షపళ్ళు పోసి, రెండువైపులా మెలితిప్పి రసం పిండుకున్న సంచి. ఎర్రసముద్రం ఒడ్డున దొరికిన తెరచాప ముక్క, మన దేశపు పత్తితో నేసింది. వెండిచెంబుకి అంటుకుపోయి, ఆ వెండి చిలుమే కాపాడిన నాలుగు పోగులు. సూరమ్మ అన్నీ వినేది, అన్నిటికీ ఒక మాట అంటించేది. ఒక్క దానికే ముఖం చిట్లించింది. ఈజిప్టులో మామూలు ఇళ్ళవాళ్ళు పోయినప్పుడు, ఇంట్లో వాడిన దుప్పట్లూ పక్కగుడ్డలూ చింపి చుట్టేవాళ్ళని పుష్పవల్లి చెప్పిన రోజున.

"పాతగుడ్డలా? సీ! సచ్చినోళ్ళకి పాతగుడ్డ కప్పుతారేటే? పుట్టింటోళ్ళు లేరేటి ఆళ్ళకి?"

అని కిటికీ వైపు తిరిగింది. అటే చూస్తూ, "పుష్పా, నాకు పుట్టింటి సీర కావాల" అంది.

పుష్పవల్లి చేతిలో గ్లాసు పక్కన పెట్టి మంచం అంచున కూర్చుంది.

మనవాళ్ళలో ఆడమనిషి పోతే ముందు పుట్టింటి చీర పడాలి. కొత్తది, తడవనిది. అన్నో తమ్ముడో, వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లలో తెచ్చి కప్పుతారు. అది పడ్డాకే కోడళ్ళవి, కూతుళ్ళవి, ఇరుగుపొరుగువాళ్ళవి. సముద్రం దాటి వచ్చినా, ఊళ్ళ పేర్లు మరిచిపోయినా, ఈ ఒక్కటీ ఎవరూ మరిచిపోలేదు.

కానీ సూరమ్మ పుట్టింటి కథ వేరు. మలేసియాలోనే, బాగాన్ దాతో అనే ఊళ్ళో కొబ్బరితోటలో పుట్టింది. పంతొమ్మిదో ఏట, కొబ్బరికాయలకి వచ్చిన సింగపూర్ లారీ డ్రైవరుని ఇష్టపడి అతనితో వచ్చేసింది. కులం వేరు. తండ్రి బతికున్న పిల్లకి నీళ్ళొదిలేశాడు. ఇంటిల్లిపాదీ సముద్రంలో మునిగి వచ్చారు, పదకొండోనాడు తోటలో అందరికీ భోజనాలు పెట్టారు. ఆ సంగతి ఆర్నెల్లకి ఎవరో చెప్తే సూరమ్మకి తెలిసింది. అప్పటికి కడుపులో పరశురాముడు. అరవై ఏళ్ళపైన ఆ వైపు నుంచి చావు కబురు లేదు, పెళ్ళి కబురు లేదు.

"నీళ్ళొదిలేసినోళ్ళు సీరెలా పెడతారత్తా?"

"నీళ్ళొదిలినారు, సీర కప్పలేదు కాదేటి. సగం పని సేసి ఒదిలీసినారు. ఆ రెండో సగం నాకు కావాల. అది లేకండా నాను ఎల్లను."

ముసలావిడ పంతం ఊపిరిలా ఉంటుంది, తీసుకున్నది వదిలేదాకా నడుస్తుంది. ఆ రాత్రి పరశురాముడికి చెప్తే, "పిచ్చి మాటలు పట్టించుకోకు" అని అటు తిరిగి పడుకున్నాడు. పుష్పవల్లికి నిద్ర పట్టలేదు. కన్నవాళ్ళ ఇంటి గుడ్డ కోసం ప్రాణం పట్టుకుని ఉన్న మనిషిని పట్టించుకోకపోవడం ఎలా?

రెంగంలో ఉన్న మేనత్త కొడుకుని అడిగింది. అతను ఇంకొకరిని అడిగాడు. వారం తిరిగేసరికి క్లాంగ్‌లో టైర్ల దుకాణం పెట్టుకున్న శ్రీనాథ్ అనే మనిషి ఫోన్ నంబరు దొరికింది. సూరమ్మ అన్నకొడుకు. అన్న పోయి పదేళ్ళయిందట. మధ్యాహ్నం భోజనం వేళ ప్రదర్శనశాల వెనక మెట్ల మీద కూర్చుని పుష్పవల్లి ఫోన్ చేసింది.

శ్రీనాథ్ మర్యాదగానే మాట్లాడాడు, ఆ మర్యాదే మరీ కష్టంగా ఉంది. "ఆంటీ, మీరు చెప్పేది నాకు అర్థమైంది. కానీ మా నాన్న మాకు చెప్పింది ఒకటే, అత్త పోయిందని. పోయినావిడకి మళ్ళీ చీరెలా తెస్తాను? మా అమ్మ ఇంకా ఉంది. ఆవిడ ముందర నేనిది ఎత్తలేను."

"నువ్వు రావద్దు బాబూ. ఒక గుడ్డ కొని పోస్టులో పంపు. మామూలు నూలుదే."

"గుడ్డ గురించి కాదాంటీ. అది పంపితే మా తాత చేసింది తప్పని మేం ఒప్పుకున్నట్టు. మా ఇంట్లో అలా కుదరదు. పెద్దావిడని బాగా చూసుకోండి." ఫోన్ పెట్టేశాడు.

పుష్పవల్లి డబ్బాలో అన్నం డబ్బాలోనే మూత పెట్టి లోపలికి వెళ్ళి నిలబడింది. మర్నాడు సెలవు పెట్టి సెరంగూన్ రోడ్డుకి వెళ్ళింది.

బట్టల కొట్లో పనిపిల్ల "ఏం ఫంక్షన్‌కి ఆంటీ?" అని అడిగితే, నోటికొచ్చింది చెప్పింది, పండక్కని. సన్నంచు నూలు చీర ఒకటి తీసుకుంది, గచ్చకాయ రంగుది. కొబ్బరితోటల మనుషులు కట్టే రకం. ఇంటికొచ్చి, రెంగం నుంచి ఎప్పుడో ఎవరో మిఠాయిలు తెచ్చిన మలేసియా కొట్టు సంచి వెతికి, అందులో పెడదామని చీర విప్పింది. వంటింట్లో బల్ల మీద పసుపు డబ్బా ఉంది.

ఇక్కడే జరిగింది తప్పు. ఆవిడ ఆలోచించి చేసింది కాదు. నలభై ఏళ్ళుగా ఏ కొత్త బట్ట చేతిలోకొచ్చినా, పెళ్ళిదైనా పుట్టినరోజుదైనా పిల్లదాని స్కూలు గౌనైనా, వేలు పసుపులోకి వెళ్ళడం, నాలుగు మూలలా బొట్టులా అద్దడం అలవాటు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. చావుచీరకి పసుపు పెట్టరని ఆ చేతికి ఎవరు చెప్పాలి? మడిచి సంచిలో పెట్టింది. అత్తగారి ఒళ్ళో పెట్టి, "వచ్చిందత్తా" అంది. అబద్ధమాడే గొంతు వణికితే ఆవిడ కనిపెట్టేస్తుందని భయపడింది. సూరమ్మ కోడలి ముఖంకేసి చూడలేదు కూడా.

సూరమ్మ కళ్ళు మసక. చూపు సరిగా ఆనదు గనక అంచు పట్టుకుని వేళ్ళతో తడుముకుంటూ పోయింది. మూల దగ్గర ఆగింది. గోటితో గీకింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పసుపే! ఒలే పుష్పా, పసుపెట్టినారే!"

అప్పటికి గాని పుష్పవల్లికి తను చేసింది తెలియలేదు. 

"సచ్చినదానికి కాదే ఇది! బతికున్న ఆడపడుచుకి ఎట్టిన సీర. నాను సావుగుడ్డ అడిగితే ఆళ్ళు పండగసీర పంపినారు. నీళ్ళొదిలిన ఇల్లే, సూడు, ఆ ఇల్లే నాకు పసుపెట్టింది." ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ ఒకే ముడతల్లోంచి వచ్చాయి.

అది బుధవారం. తరవాతి నాలుగు రోజులూ సూరమ్మ వేరే మనిషి. రెండు ఇడ్లీలు తిన్నది. పరశురాముణ్ణి పిలిచి తల దువ్వమంది. ఆ చీర తెచ్చి కట్టమని పట్టుబట్టింది. కట్టేసరికి నడుము చుట్టూ మూడొంతులు గుడ్డే, ఒంతు మనిషి. ఎదురింటి మలయ్ ముసలావిడ పలకరించడానికి వస్తే, ఆ పమిట ఎత్తి చూపించి, వచ్చిన నాలుగు మలయ్ ముక్కల్లో తన అన్నగారి ఇంటి నుంచి వచ్చిందని చెప్పింది. ఆవిడ వెళ్ళాక కోడలితో, "బాగాన్ దాతో ఎల్దారి. కుర్సీబండి మీద తీసుకెల్లండి. ఆ ఇంటి గుమ్మం ఒకసారి తొక్కి వత్తాను" అంది.

"ఒంట్లో కాస్త బలం రానీ అత్తా."

"పోనీ ఫోన్ కలుపు. పిల్లోడి గొంతు ఇంటాను."

"నంబరు పనిచెయ్యట్లేదు. రేపు చూద్దాం."

రేపులు మూడయ్యాయి. శనివారం అలేఖ్య వస్తే పుష్పవల్లి ఏమీ అడగలేదు. అలేఖ్యే "ఏమైంది ఆంటీ, ఇయాల ప్రశ్నలు లేవు?" అంటే, తలనొప్పి అంది. ఆ రోజంతా ఆవిడ, దేనికి వాడారో తెలియదని రాసిన గుడ్డముక్క దగ్గరే నిలబడింది. దాని ముందు నిలబడితే కాస్త ఊపిరాడినట్టనిపించింది.

ఆదివారం పొద్దున్న వంటింట్లో పప్పు కడుగుతోంది. పరశురాముడు డ్యూటీకి వెళ్ళాడు. కూతురు పునీత ఇంట్లోనే ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఆఫీసు ఉద్యోగం, మామ్మంటే ప్రాణం. హాల్లోంచి మాటలు వినబడుతున్నాయి.

"మామ్మా, వై సో సాడ్?"

"మీ అమ్మ ఫోన్ కలపదే. అన్నకొడుకు సీరెట్టినాడు, బాగుందని నాను సెప్పొద్దేటి? ఏటనుకుంటాడు?"

"అంతేనా? ఈజీ లా మామ్మా! అమ్మ ఫోన్ ఇక్కడే ఉంది. శ్రీనాథ్ కదా, వెయిట్ ఆ..."

పుష్పవల్లి చేతిలో గిన్నె కుండీలో పడింది. తడిచేతులతో పరుగెత్తేసరికే ఫోన్ మోగుతోంది. పునీత దాన్ని స్పీకరులో పెట్టి మామ్మ గుండెల మీద ఉంచింది. సూరమ్మ రెండు చేతులతో పట్టుకుంది, పసిపిల్లని పట్టుకున్నట్టు.

"హలో?" అవతలి గొంతు.

"బాబూ, సిరినాదూ! నానురా, సూరమ్మత్తని. సీర అందిందిరా నాయినా. కట్టుకున్నాను. సల్లగా ఉండు. నువ్వు పసుపెట్టి పంపినావు సూడు..."

అవతల దుకాణంలో ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు.

"ఏం చీర? నేనేం పంపలేదండీ." తరవాత గొంతు తగ్గించి, "నేను ఆ ఆంటీకి చెప్పేశాను కదా, కుదరదని. మళ్ళీ ఎందుకు ఫోన్ చేస్తారు? అమ్మ పక్కనే ఉంది. ప్లీజ్" అన్నాడు. చప్పుడు ఆగిపోయింది.

పునీత అమ్మకేసి చూసింది. "మా? వాట్ ఈజ్ దిస్?" అంది.  సూరమ్మ ఫోన్‌ని ఇంకా అలాగే పట్టుకుని ఉంది. అది దానంతట అది ఆరిపోయింది.

ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. మంచినీళ్ళు తాగమంటే పెదాలు బిగించింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గోడవైపు తిరిగి ఉన్న మనిషి ఇటు తిరిగింది.

"పసుపు నువ్వేనా ఎట్టింది?"

"అవునత్తా."

"సావుగుడ్డకి పసుపెడతారేటే?"

"కొత్తగుడ్డ చేతిలోకొచ్చింది. చెయ్యి ఆగలేదు." పుష్పవల్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. "తప్పయిపోయిందత్తా. నువ్వు సుఖంగా పోతావని తెచ్చినాను."

"తిన్నగా అబద్ధమాడ్డం కూడా సేతకాదు నీకు." సూరమ్మ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "ఉట్టి సావుసీరే ఇచ్చుంటే నమ్మీసి పోదును. పసుపెట్టినావు, బతకాలనిపించింది. నాలుగు రోజులు ఆ గుమ్మంలోనే ఉన్నానే నాను. మా వదిన ముగ్గేస్తంటే సూసినాను. ఇప్పుడు మళ్ళీ బయటికొచ్చీసినాను."

పుష్పవల్లి ఏడ్చింది. ముసలావిడ ఊరుకోబెట్టలేదు. ఒంటి మీది చీర పట్టి చూపించి, "ఇది ఇప్పు" అంది.

విప్పింది.

"సింపు."

"అత్తా!"

"నూలుదే కదా. అంచు కాడ కత్తెరతో గంటెట్టి లాగు, తిన్నగా సిరుగుద్ది. నా కింద పక్కగుడ్డలు రోజుకి నాలుగు తడుస్తన్నాయి, కొన్న గుడ్డలు ఒరుస్తన్నాయి. మెత్తటి గుడ్డ. పనికొత్తాది."

కొత్త నూలు చిరిగే చప్పుడు ఒకసారి వింటే మరిచిపోలేం. ఆ హాల్లో అది ఏడుసార్లు వినబడింది, చీర ఎనిమిది ముక్కలయింది. పునీత గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మూలల్లో పసుపున్న నాలుగు ముక్కలూ పుష్పవల్లి వేరుగా పెట్టబోతే, "అవీ అందులోనే ఎట్టు, గుడ్డ గుడ్డే" అంది సూరమ్మ.

ఆ తరవాత పన్నెండు రోజులు ఆ ఎనిమిది ముక్కలతోనే గడిచాయి. ఒకటి నడుము కింద వేసి, రెండు కొసలు ఇంట్లో ఎవరుంటే వాళ్ళిద్దరు పట్టుకుని ఆవిణ్ణి పక్కకి జరిపేవారు. ఒకటి మోకాళ్ళ మధ్య, ఎముకా ఎముకా రాసుకోకుండా. ఒకదానిలో వేయించిన ఉప్పు మూటగట్టి వీపుకి కాపడం. ఒకటి తడిపి ఒళ్ళు తుడవడానికి. మిగతావి పక్కలో, మార్చి మార్చి. చివరి మూడు రోజులూ ఒక కొసని నీళ్ళలో ముంచి పెదాల మీద అద్దడం. రోజూ ఉతికి, వంటింటి కిటికీ బయట వెదురుకర్రకి ఆరేసేది పుష్పవల్లి. పదకొండో అంతస్తు గాలికి అవి ఫెళఫెళా కొట్టుకునేవి. నాలుగో ఉతుకుకి పసుపు మరకలు పోయాయి.

సాయంత్రాలు పుష్పవల్లి తలుపు తీసుకుని వస్తే, ఇయాల ఏటి సూసినావని సూరమ్మ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగని కబుర్లు చెప్పడం పుష్పవల్లికి చేతకాలేదు. శనివారం అలేఖ్య, తెరచాప ముక్క పక్కన కొత్తగా పెట్టిన దాన్ని చూపించి ఏదో చెప్పింది. తలూపింది గాని ఒక్క ముక్కా చెవిలోకి పోలేదు.

పదో రోజున, మందు ఇచ్చే నర్సు వచ్చి వెళ్ళాక, సూరమ్మ వేలితో సైగ చేసి కోడల్ని దగ్గరికి పిలిచింది. మాట గాలిలా ఉంది.

"అడుగుతారే."

"ఏంటత్తా?"

"పుట్టింటి సీరేదని. గట్టిగా అడుగుతారు. సావు పనులు నడిపించే ఆ ఇస్వనాదం ఊరుకోడు. ఎవులో ఒకులు, నాను సెల్లెల్నంటాను, నాను తమ్ముణ్ణంటాను అని ఒక సీర తెచ్చీసి కప్పుతానంటారు. ఒప్పుకోకు. రాలేదని సెప్పు."

"నలుగురిలోనా?"

"నలుగురిలోనే. నీళ్ళొదిలినపుడు తోటంతా పిలిసి సెప్పినారు కాదేటి, నాను లేనని. సీర తేలేదని కూడా పదిమందీ ఇనాల. అది దాస్తే నాను నిజంగానే ఆ రోజే సచ్చిపోయినట్టు." ఊపిరి తీసుకుంది. "నువ్వు సెప్పగలవేటి?"

"చెప్తానత్తా."

"వణకకు."

పన్నెండో రోజు తెల్లారుజామున పోయింది.

కింద, భవనం అడుగున ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో తెల్లగుడ్డ తెరలు కట్టారు, కుర్చీలు వేశారు. తెలుగువాళ్ళ చావులకీ పెళ్ళిళ్ళకీ ముందుండి నడిపించే విశ్వనాథం అంకుల్ వచ్చాడు. డెబ్భై దాటినా గొంతు కంచుగంట. స్నానం అయింది, శవపేటికలో పెట్టారు, పూలు వేశారు. ఆడవాళ్ళు ఒళ్ళో చీరలు మడతపెట్టుకుని వరసగా కూర్చున్నారు. పుష్పవల్లి తెచ్చింది ఒకటి, పక్క బ్లాకు తారాదేవి తెచ్చింది ఒకటి, ఇంకా ఆరేడు.

విశ్వనాథం లేచి నిలబడ్డాడు. "పుట్టింటివారి చీర!" అని పిలిచాడు.

కదలిక లేదు. 

"ఆడపడుచు పుట్టింటివారు ఎవరు? చీర తెండమ్మా."

పరశురాముడు భార్య చెవి దగ్గరికి వంగాడు. "పైన నీ బీరువాలో కొత్తదేదైనా ఉంటే తే. క్లాంగ్ నుంచి వచ్చిందందాం. ఎవరికి తెలుస్తుంది?" అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల్లి చివరిసారి తలదువ్వమంటే దువ్విన చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం పుష్పవల్లికి అతను అడిగింది చెయ్యాలనే అనిపించింది. బీరువాలో ఉంది కూడా.

తారాదేవి అప్పటికే లేచింది. "పాపం, ఎవరూ లేకపోతే నేను లేనా అంకుల్? సూరమ్మక్క నాకు సొంత అక్కలాంటిది. నాది వేసెయ్యండి పుట్టింటిదని." మంచి మనసుతోనే అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

"మూడోసారి పిలుస్తున్నాను" అన్నాడు విశ్వనాథం. "పుట్టింటివారి చీర!"

పుష్పవల్లి లేచి నిలబడింది.

"రాలేదండీ."

"ఏంటమ్మా?"

"మా అత్తగారి పుట్టింటివాళ్ళు బాగాన్ దాతోవాళ్ళు. అన్నకొడుకు క్లాంగ్‌లో ఉన్నాడు, పేరు శ్రీనాథ్. అడిగాము. ఇవ్వనన్నాడు. చీర రాలేదు."

గొంతు వణకలేదు. ఆవిడకే ఆశ్చర్యం వేసింది. ఎవరో ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పరశురాముడు తలదించుకున్నాడు. తారాదేవి చీర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సరేనమ్మా, రాకపోతే రాలేదు. ఈ అమ్మాయి ఇస్తానంటోంది కదా" అన్నాడు విశ్వనాథం, ఈసారి గొంతు తగ్గించి. "ఆ మాట నలుగురిలో ఎందుకు?"

"ఆవిడే నలుగురిలో చెప్పమంది అంకుల్. వేరేవాళ్ళది ఆ పేరుతో వెయ్యొద్దంది."

"మొదటిది పడకుండా మిగతావి పడకూడదు తల్లీ. మనలో పద్ధతి అది. నీదీ వెయ్యడానికి లేదు."

పుష్పవల్లి తను కొని తెచ్చిన చీర మీద చెయ్యి పెట్టింది. ఈసారి దానికి పసుపు పెట్టలేదు, రెండుసార్లు చూసుకుంది. ముప్ఫై నాలుగేళ్ళు అత్తగారికి వండింది, తలంటింది, పక్కలు మార్చింది. ఇదొక్కటీ కప్పి పంపుదామనుకుంది.

"అయితే ఏదీ వెయ్యొద్దండి" అంది. "ఎత్తండి."

విశ్వనాథం పక్కకి తప్పుకున్నాడు. శవపేటిక మీద చీర పడాల్సినచోట పూలరేకులు తప్ప ఏమీ లేవు. నలుగురు ఎత్తారు. వరసగా కూర్చున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు, ఎవరి చీర వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది.